కొట్టానికి ఫ్యాను కొనేముందు రెక్క కొలవండి

ఏప్రిల్ వచ్చిందంటే చిత్తూరు చుట్టుపక్కల పాల కేంద్రాల దగ్గర ఒకే మాట వినపడుతుంది: ఆవు పాలు తగ్గించింది. దాణా అదే, గడ్డి అదే, పోసే పాలు మాత్రం పూటకు లీటరో లీటరున్నరో తగ్గుతాయి. వెన్న శాతమూ పడిపోతుంది. అప్పుడు ఇంట్లో ఎవరో ఒకరు టౌనుకు వచ్చి, దుకాణంలో అన్నిటికన్నా పెద్దగా హోరెత్తే ఫ్యాను ఏదో చూసి, ఆటోలో వేసుకుని పోతారు. ఈ ఎంపిక సరైనది కాదని నా వాదన. గట్టి గాలి కావాలనుకోవడంలో పొరపాటేమీ లేదు. ఆవుకు నిజంగా కావలసింది అదే. అయితే ఆ గాలి కోసం మనం డబ్బు పెడుతున్నది మోటారు మీద. పెట్టవలసింది రెక్క మీద.

నేను చిత్తూరులో మోటార్లు చుట్టే పని చేస్తాను. మా పల్లె బంగారుపాళెం వైపు. ఇంట్లో పాడి ఉంది, దాన్ని చూసుకునేది మా వదిన. కాలిపోయిన ఫ్యాన్లు నా బల్ల మీదికి వస్తాయి, ఎండకు వగర్చే ఆవులు మా కొట్టంలోనే ఉంటాయి. రెండు వైపులా చూస్తున్నాను కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను. కొంచెం లెక్క ఉంటుంది, ఓపిక పట్టండి. లెక్క లేకుండా చెబితే ఇది ఇంకొక అమ్మకందారు మాట అయిపోతుంది.

ముందు ఆవు సంగతి చూద్దాం. పాలిచ్చే సంకర జాతి ఆవు పొట్టలో మేత పులిసేటప్పుడు వేడి పుడుతుంది, పాలు తయారయ్యేటప్పుడు ఇంకొంత పుడుతుంది. అంతా కలిపితే సుమారు వెయ్యి వాట్లు. అంటే ఒక్కో ఆవు ఉన్నచోట ఒక్కో ఇస్త్రీ పెట్టె రాత్రింబవళ్లు ఆగకుండా కాలుతున్నట్టే. హోల్‌స్టీన్ అనే విదేశీ జాతి రక్తం ఉన్న ఆవుకు వాతావరణం 25 డిగ్రీలు దాటగానే ఇబ్బంది మొదలవుతుంది. మన దగ్గర మే నెలలో 40 దాటడం మామూలే. తిరుపతిలో ఇంకా ఎక్కువ, పలమనేరు ఘాటు ఎక్కితే కాస్త తక్కువ. ఒంట్లో వేడి బయటికి పోయే దారి లేనప్పుడు ఆవు తన చేతిలో ఉన్న పని చేస్తుంది, మేత తగ్గిస్తుంది. మేత తగ్గితే పొట్టలో వేడి తగ్గుతుంది, దాంతోపాటు పాలూ తగ్గుతాయి. ఎదకు వచ్చిన సంగతి బయటపడదు, వచ్చినా చూలు నిలవదు. ఈ రెండో నష్టం పాల చీటీలో కనిపించదు కానీ ఏడాది పొడుగునా వెంటాడుతుంది. ఆవు వేడికి లోనైందో లేదో తెలుసుకోవడానికి పరికరం అక్కర్లేదు. ఫోనులో నిమిషం పెట్టుకుని డొక్క ఎన్నిసార్లు లేచి పడుతోందో లెక్కపెట్టండి. అరవై దాటితే ఆవు కష్టంలో ఉన్నట్టే.

మన పాత కొట్టాలు ఈ ఆవు కోసం కట్టినవి కావు. పుంగనూరు ఆవు మూడడుగులకు అటూ ఇటూగా ఉండే చిన్న జీవి. తినేది తక్కువ, ఒంట్లో పుట్టే వేడీ తక్కువ. పైగా మూపురం ఉన్న దేశవాళీ ఆవు చెమట ద్వారా వేడిని బాగా వదిలించుకుంటుంది. అలాంటి ఆవులు కట్టేసుకునే రోజుల్లో దొంగల భయానికి, చలికి మూడు వైపులా గోడ పెట్టి, తల వంచి దూరేంత వాకిలి ఉంచితే సరిపోయింది. పైన గడ్డి కప్పు ఉండేది కాబట్టి ఎండ కిందికి దిగేది కాదు. తరువాత ఆవు మారింది. గడ్డి కప్పు పోయి రేకులు వచ్చాయి. గోడలు మాత్రం అలాగే ఉండిపోయాయి. అలాంటి కొట్టంలో ఎంత పెద్ద ఫ్యాను పెట్టినా అది లోపలి వేడి గాలినే తిప్పి తిప్పి ఆవు మీదికి తోస్తుంది.

అందుకే దుకాణానికి వచ్చిన అక్కలను నేను మొదట అడిగేది కొట్టం గురించే. గోడ ఎంత ఎత్తు ఉంది, కిటికీలు ఉన్నాయా, గాలి ఎటు నుంచి వస్తుంది, ఎటు పోతుంది? చాలా కొట్టాల్లో పక్క గోడలను మూడడుగుల ఎత్తుకు తగ్గించి, ఆపైన ఇనుప వల బిగిస్తే సగం పని అయిపోతుంది. అది రెండు రోజుల తాపీ పని, ఆ తరువాత దానికి కరెంటు బిల్లు రాదు. కొట్టం పొడవు తూర్పు పడమరలుగా ఉంటే ఎండ లోపలికి తక్కువ వస్తుంది, ఉత్తర దక్షిణ గోడలు తెరుచుకోవచ్చు. కప్పు నడికొప్పున రేకుల మధ్య సందు వదలాలి. కొట్టం వెడల్పు ప్రతి పది అడుగులకు రెండు అంగుళాల సందు అన్నది పాడి షెడ్లు కట్టేవారు పాటించే లెక్క. వేడి గాలి తనంతట తానే పైకి పోయి ఆ సందులోంచి బయటపడుతుంది, కింది నుంచి చల్లగాలి లోపలికి వస్తుంది. వాన పడకుండా పైన ఇంకొక రేకు ఎత్తుగా బిగించాలి. రేకుల మీద సున్నం కొట్టడం, చెరకు ఆకు పరవడం కూడా ఇందులో భాగమే. మన జిల్లాలో చెరకు ఆకును తోటలోనే తగలబెడుతున్నారు. ఆ ఆకు కొట్టం మీద ఉంటే ఎంత మేలో కాలుతున్న రేకు కింద ఒకసారి చేయి పెట్టి చూస్తే తెలుస్తుంది.

ఇదంతా చేశాక కూడా మే నెల మధ్యాహ్నం, ఆకు కదలని పూట, ఫ్యాను కావాలి. ఏ ఫ్యాను?

ఇక్కడే రెక్క లెక్క వస్తుంది. నిమిషానికి 200 ఘనపు మీటర్ల గాలి కావాలనుకుందాం. దాన్ని 600 మిల్లీమీటర్ల రెక్క, అంటే రెండడుగుల ఫ్యాను గుండా పంపాలంటే గాలి సెకనుకు దాదాపు 12 మీటర్ల వేగంతో దూసుకుపోవాలి. ఆ వేగం ఇవ్వడానికే సుమారు 280 వాట్లు కావాలి, మోటారులో పోయే నష్టం అదనం. అదే 200 ఘనపు మీటర్లను 1200 మిల్లీమీటర్ల రెక్క గుండా పంపండి. రెక్క తిరిగే వలయం వైశాల్యం నాలుగు రెట్లవుతుంది కాబట్టి గాలి సెకనుకు మూడు మీటర్లు కదిలితే చాలు. దానికి కావలసినది 17 వాట్లు. ఒకే పరిమాణం గాలి, పదహారో వంతు శక్తి. ఇందులో ఏ కంపెనీ గొప్పతనమూ లేదు. గాలికి వేగం పెంచడానికి అయ్యే ఖర్చు ఆ వేగం వర్గంతో పెరుగుతుంది, అంతే. ఉన్న ఫ్యానునే రెట్టింపు వేగంతో తిప్పాలంటే లెక్క ఇంకా ఘోరం: గాలి రెండింతలు, కరెంటు ఎనిమిదింతలు.

మరి ఆవుకు ఎంత వేగం కావాలి? ఒంటి దగ్గర సెకనుకు రెండు, రెండున్నర మీటర్లు ఉంటే సరిపోతుంది. పన్నెండు మీటర్ల వేగం దానికి అక్కర్లేదు. వరుసలో మొదటి ఆవు కళ్లలోకి దుమ్ము కొట్టే ఫ్యాను చివరి ఆవు దగ్గర తోకను కూడా కదిలించదు. ఫ్యాను గాలి పనికివచ్చే దూరం రెక్క వ్యాసానికి సుమారు పది రెట్లు అని లెక్క. రెండడుగుల ఫ్యాను ఇరవై అడుగులు, మూడడుగుల ఫ్యాను ముప్పై అడుగులు. ఆవుకు నాలుగడుగుల చొప్పున ఆరు ఆవుల వరుస ఇరవై నాలుగు అడుగులు వస్తుంది. అంటే రెండడుగుల ఫ్యాను చివరి ఆవును వదిలేస్తుంది, మూడడుగులది నెమ్మదిగా తిరిగినా అందరికీ అందుతుంది.

చప్పుడే గాలి అని నమ్మించడం నాకు కోపం తెప్పించే విషయం. రెక్క చిన్నదై వేగంగా తిరిగితే దాని కొసలు గాలిని చీలుస్తాయి, హోరు వస్తుంది. ఆ హోరు కూడా మనం కట్టే కరెంటే. అమ్మేవారు ఫ్యానును మనిషి ముఖానికి మూడడుగుల దూరంలో పెట్టి స్విచ్చు వేస్తారు. కొనేవారు చీర కొంగు పట్టుకుని వెనక్కి జరుగుతారు. బేరం అక్కడే కుదిరిపోతుంది. పది అడుగులు వెనక్కి నడిచి, అక్కడ గాలి తగులుతోందో లేదో చూడమని ఎవరూ చెప్పరు. నా దగ్గరికి వచ్చే ప్రతి ఒక్కరికీ నేను చెప్పేది అదే. మీ చివరి ఆవు ఎంత దూరంలో ఉంటుందో అంత దూరం నడవండి. అక్కడ నిలబడి కొనండి.

అమ్మే మనిషిని నాలుగు సంగతులు అడగండి. రెక్క వ్యాసం ఎన్ని మిల్లీమీటర్లు? నిమిషానికి ఎన్ని చుట్లు? ఎన్ని వాట్లు? నిమిషానికి ఎన్ని ఘనపు మీటర్ల గాలి? గాలి పరిమాణాన్ని వాట్లతో భాగిస్తే వచ్చే అంకె అసలు ధర. సీలింగ్ ఫ్యాన్ల మీద నక్షత్రాల గుర్తు 2023 జనవరి 1 నుంచి తప్పనిసరి అయింది, ఆ నక్షత్రాలు ఇచ్చేది కూడా ఈ భాగహారాన్ని బట్టే. పెద్ద ఫ్యాన్ల మీద ఘనపు అడుగుల్లో రాసి ఉంటుంది. 35తో భాగిస్తే ఘనపు మీటర్లు వస్తాయి. నాలుగింటిలో గాలి పరిమాణం ఒక్కటి రాయకుండా, వాట్లు మాత్రం పెద్ద అక్షరాల్లో అచ్చేసిన ఫ్యానును నేనైతే కొనను.

ఈ భాగహారంలో గెలిచేది మనందరి ఇళ్లలో ఉన్న మామూలు సీలింగ్ ఫ్యాను. 1200 మిల్లీమీటర్ల రెక్కతో నిమిషానికి 200 ఘనపు మీటర్లకు పైగా గాలి ఇస్తుంది. పాతరకం మోటారైతే 75 వాట్ల చుట్టూ, ఎలక్ట్రానిక్ బోర్డుతో నడిచే కొత్త బీఎల్‌డీసీ రకమైతే 30 వాట్ల చుట్టూ తీసుకుంటుంది. రోజుకు పన్నెండు గంటలు వేస్తే పాతరకానికి నెలకు 27 యూనిట్లు, బీఎల్‌డీసీకి 11 యూనిట్లు. 250 వాట్ల డ్రమ్ము ఫ్యానుకు అదే వాడకంలో 90 యూనిట్లు. చాలా పల్లెల్లో కొట్టం కరెంటు ఇంటి మీటరు మీదే నడుస్తుంది. ఆ తొంభై యూనిట్లు ఇంటి వాడకానికి కలిసి పై శ్లాబులోకి తోస్తే బిల్లు ఎలా పెరుగుతుందో చెప్పనక్కర్లేదు. పైగా సీలింగ్ ఫ్యాను ధరలో కూడా తక్కువే. రెండు ఆవులకు ఒకటి చొప్పున, వెన్నుల మీదికి గాలి పడేలా వేలాడదీస్తే చిన్న కొట్టానికి ఇంతకన్నా చౌకైన గట్టి గాలి నాకు తెలిసి లేదు.

కానీ షరతులు ఉన్నాయి. కప్పు కనీసం పది అడుగుల ఎత్తు ఉండాలి. రెక్క నేలకు ఎనిమిది అడుగుల పైన ఉండాలి, కప్పుకు అడుగున్నరైనా కింద ఉండాలి. లేకపోతే రెక్కకు పైనుంచి గాలి అందదు. ఇంతకన్నా ముఖ్యమైనది, కాలే రేకు కింద సీలింగ్ ఫ్యాను పెడితే అది రేకును ఆనుకుని ఉన్న వేడి పొరను లాగి ఆవు మీద కుమ్మరిస్తుంది. రేకు మీద చెరకు ఆకో సున్నమో, నడికొప్పున సందో లేని కొట్టంలో సీలింగ్ ఫ్యాను పెట్టవద్దనే నేను చెబుతాను. అలాంటి చోట, కప్పు తక్కువ ఎత్తున్న చోట, మూడడుగుల గోడ ఫ్యాను మేలు. నిమిషానికి 1400 చుట్లు తిరిగేది వద్దు, 900 లేదా అంతకన్నా తక్కువ తిరిగేది చూడండి. నీడ ఉన్న వైపు, చెట్టు ఉన్న వైపు బిగించి, ముఖం కాస్త కిందికి వంచాలి. వేప చెట్టో కానుగ చెట్టో పక్కన ఉంటే దాని కింది గాలినే అది లోపలికి తోస్తుంది.

మన జిల్లాలో కోళ్ల ఫారాలు చాలా ఉన్నాయి కాబట్టి కొందరు అక్కడి యాభై అంగుళాల ఫ్యాన్లు చూసి వాటి మీద మనసు పడుతున్నారు. ఒకటిన్నర గుర్రపు శక్తి మోటారు, గంటకు 44 వేల ఘనపు మీటర్ల గాలి. వినడానికి బ్రహ్మాండంగా ఉంటుంది. అది అన్ని వైపులా మూసిన షెడ్డులోంచి, తడి ప్యాడ్ల అడ్డును దాటించి గాలిని లాగడానికి చేసిన యంత్రం. అడ్డు లేని కొట్టంలో దానికి పని లేదు, ఆరు ఆవులకు 1100 వాట్లు పెట్టవలసిన అవసరమూ లేదు. బ్లోయరు సంగతీ అంతే. సన్నటి గొట్టంలోంచి, కొలిమిలోకి, ధాన్యం రాశిలోంచి గాలిని నొక్కి పంపాలంటే బ్లోయరే కావాలి. అది ఒత్తిడి ఇస్తుంది, పరిమాణం ఇవ్వదు. పాత బ్లోయరు చౌకగా దొరికిందని కొట్టంలో పెట్టుకున్నవారికి చెవులు దిబ్బళ్లు పడడం తప్ప ఒరిగింది లేదు. కాలిఫోర్నియా పాల ఫారాల కోసం 1990ల చివర్లో వచ్చిన ఇరవై నాలుగు అడుగుల మహా ఫ్యాన్లు కూడా రెక్క పెద్దది, వేగం తక్కువ అన్న సూత్రం మీదే నడుస్తాయి. వాటి ధర మనకు అందదు కానీ సూత్రానికి ధర లేదు.

ఇప్పుడు నీళ్ల విషయం. దీన్ని వదిలేసి ఫ్యాను గురించి ఎంత మాట్లాడినా సగమే. గాలి 40 డిగ్రీలు ఉన్నప్పుడు ఆవు చర్మం అంతకన్నా చల్లగా ఉంటుంది, కాబట్టి ఉత్త గాలి ఆవు ఒంట్లోంచి వేడిని తీసుకోలేదు. అప్పుడు పని చేసేది నీరు ఆవిరి కావడం ఒక్కటే. ఒక లీటరు నీరు గంటలో ఆవు ఒంటి మీద ఆవిరైతే అది దాదాపు 670 వాట్ల వేడిని ఎత్తుకుపోతుంది. ఆవు పుట్టించే వేడి వెయ్యి వాట్లని ముందే చెప్పాను. లీటరున్నర నీరు, దాన్ని ఆరబెట్టే గాలి ఉంటే లెక్క సరిపోయింది! గాలి అసలు పని ఆ ఆవిరిని అక్కడినుంచి తరిమేయడం. అందుకే రెండు నిమిషాలు వెన్ను తడిసేలా చల్లి, నీళ్లు ఆపి, పది పన్నెండు నిమిషాలు ఫ్యాను వేసి, మళ్లీ చల్లాలి. నీరు పొదుగు మీదికి కారేంతగా పోయకూడదు, పొదుగు వాపు వస్తుంది. మూసిన కొట్టంలో పొగమంచు లాంటి తుంపర కొట్టి గాలి వేయకపోతే ఆవిరి అక్కడే నిలిచి ఆవుకు ఊపిరి ఆడదు. మన వేసవి గాలి పొడిగా ఉంటుంది కాబట్టి ఈ పద్ధతి బాగా పనిచేస్తుంది. ఈశాన్య రుతుపవనాల వానల్లో, గాలి తేమగా ఉన్నప్పుడు అంత పని చేయదు, అప్పుడు అంత అవసరమూ ఉండదు.

ఫ్యాను మధ్యాహ్నానికే పరిమితం చేసి సాయంత్రం ఆపేసే ఇళ్లు చాలా ఉన్నాయి. పగలంతా దాచుకున్న వేడిని ఆవు వదిలించుకునేది రాత్రే. బయట చల్లబడ్డాక నడిచే ఫ్యాను ఒక్కో గంటకు ఇచ్చే ఫలితం మధ్యాహ్నం కన్నా ఎక్కువ. ముప్పై వాట్ల ఫ్యాను రాత్రంతా తిరిగితే అయ్యేది యూనిట్‌లో మూడో వంతు.

తిరుపతిలో మేడ మీది గదుల్లో అద్దెకు ఉండే మా బంధువులకు కూడా ఇదే చెబుతాను. రాత్రి బయట చల్లబడ్డాక స్టాండు ఫ్యానును ఒక కిటికీకి రెండు మూడడుగుల ఎడంగా పెట్టి, గాలి బయటికి పోయేలా తిప్పండి, ఇంకొక వైపు కిటికీ తెరవండి. ఫ్యాను తోసే గాలి చుట్టుపక్కల గాలిని కూడా వెంట లాక్కుపోతుంది, గది త్వరగా చల్లబడుతుంది.

పాత ఫ్యాను ఉన్నవారు కొత్తది కొనేముందు మూడు పనులు చేయాలి. రెక్కల మీది జిడ్డు దుమ్మును, జాలీలో ఇరుక్కున్న ఈకలను కడగాలి. బుష్‌లో నూనె వేయాలి, లేదా బేరింగు మార్చాలి. కండెన్సర్ మార్చాలి. ఏళ్లు గడిస్తే కండెన్సర్ బలం తగ్గుతుంది, ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది కానీ వేగం ఉండదు. కొత్త ఫ్యాను ధరలో చిన్న భాగానికి పాత గాలి తిరిగి వస్తుంది. ఈ మాట చెప్పి నేను అమ్మకం పోగొట్టుకుంటానని పక్క దుకాణం వారు అంటారు. పోనివ్వండి.

వోల్టేజీ సంగతి కూడా చూడాలి. వేసవి సాయంత్రాల్లో పల్లె లైను చివర 180 వోల్టులు రావడం కొత్త కాదు. మామూలు మోటారు తిప్పే బలం వోల్టేజీ వర్గంతో తగ్గుతుంది, అంటే 230 దగ్గర ఉన్న బలంలో 61 శాతమే మిగులుతుంది. సరిగ్గా ఆవుకు గాలి కావలసిన పూట ఫ్యాను నీరసంగా తిరుగుతుంది, వైండింగ్ వేడెక్కుతుంది, నా బల్ల మీదికి వస్తుంది. బీఎల్‌డీసీ ఫ్యాను వోల్టేజీ పడిపోయినా వేగం నిలుపుకుంటుంది. దాని బలహీనత పిడుగుల కాలం. లోపలి ఎలక్ట్రానిక్ బోర్డు పోతే దాన్ని పల్లెలో బాగుచేసేవారు దొరకరు. ఉరుములు మొదలవగానే ప్లగ్గు లాగేసే అలవాటు ఉన్న ఇంట్లో నేను అదే పెట్టమంటాను. ఆ అలవాటు లేని ఇంట్లో రాగి తీగ చుట్టిన పాతరకమే నయం, కాలితే నేను చుట్టి ఇస్తాను.

చివరిగా, తడి ఆవు, తడి నేల, ఇనుప ఫ్యాను, పక్కనే కరెంటు. మనిషి షాక్ తిని బతికి బయటపడే కరెంటుకే పశువు నిలువునా కూలిపోవచ్చు. దాని నాలుగు కాళ్లూ తడి నేల మీద ఉంటాయి, విదిలించుకోవడానికి చేయి లేదు. అతుకుల వైరుతో, రెండు పిన్నుల ప్లగ్గుతో కొట్టంలో ఫ్యాను పెట్టడాన్ని నేను ఎప్పటికీ ఒప్పుకోను. మూడు పిన్నులు, సరైన ఎర్తు, కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్చు, ఈ మూడింటి ఖర్చును ఫ్యాను ధరలోనే కలిపి లెక్క వేసుకోండి. డబ్బు చాలకపోతే ఈ ఏడాది ఒక ఫ్యాను తగ్గించుకోండి. వైరు ఆవు నోటికీ కొమ్ముకూ అందని ఎత్తులో గొట్టంలో పోవాలి, స్విచ్చు వాకిలి బయట ఉండాలి. ఆర్‌సీసీబీ మీద చిన్న టెస్టు బొత్తాం ఉంటుంది. నెలకొకసారి దాన్ని నొక్కి చూడమని వదినకు చెప్పాను, ఆమె మరచిపోకుండా నొక్కుతుంది. నొక్కినప్పుడు టక్కున పడిపోవాలి. పడకపోతే, దాన్ని మార్చేదాకా ఆవుల మీద నీళ్లు చల్లకండి.